అక్షరదానమా? అక్షరవిక్రయమా?

ధార్మిక గ్రంథాలను ప్రచురించే సంస్థలు తమ పుస్తకాల ఎలక్ట్రానిక్ ప్రతులను ఉచితంగా ఇవ్వాలా, వెల కట్టి అమ్మాలా అన్న వాదం మా రామాలయం అరుగు మీద కూడా వినబడే కాలం వచ్చింది. ఒకరు "దేవుని మాటకు వెల యేమిటి?" అంటారు. మరొకరు "పండితుడు గాలి భోంచేసి బ్రతుకుతాడా?" అంటారు. ఇద్దరి మాటలోనూ సత్యముంది. మొదటివారు చదువరి పక్షాన మాట్లాడుతున్నారు. రెండవవారు శ్రమించినవారి పక్షాన మాట్లాడుతున్నారు. చదువరి చేయి చాచకుండా, శ్రమించినవారి చేయి ఖాళీగా ఉండకుండా చూడటం సాధ్యమా అన్నదే అసలు ప్రశ్న. సాధ్యమేనని, అందుకు దారి మన ఆచారాలలోనే ఉన్నదని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి నేను వచ్చిన క్రమాన్ని చదువరుల ముందుంచడానికే ఈ నాలుగు మాటలు.

మాది కడప జిల్లా తుమ్మలపల్లె. పులివెందుల ప్రాంతం. బయటివారికి మా ఊరి పేరు యురేనియం గని వల్ల తెలుసు. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మాకు పుస్తకం కావాలంటే పులివెందులకో, ప్రొద్దుటూరుకో, కడపకో బస్సెక్కాలి. అక్కడ కూడా దొరికేవి పంచాంగం, వ్రతకథలు, నాలుగైదు స్తోత్రాలు, కాలజ్ఞానం. పోతన భాగవతం టీకా తాత్పర్యాలతో కావాలంటే ఎవరైనా తిరుపతికి పోయేటప్పుడు చెప్పి పంపవలసిందే. ఇటువంటి ఊరికి ఎలక్ట్రానిక్ పుస్తకం ఎంత పెద్ద వరమో పట్టణవాసులకు సులభంగా బోధపడదు.

మా వీధి ఆడపడుచు ఒకామె కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. మా జిల్లా నుండి ఆ దేశానికి వెళ్లి ఇళ్లలో పనిచేసే స్త్రీలు ఎందరో ఉన్నారు. రెండేళ్లకొకసారి సెలవుపై వచ్చినప్పుడు నన్ను చూడటానికి వస్తుంది. నా దగ్గర ఏడవ తరగతి చదివింది. క్రిందటిసారి వచ్చినప్పుడు ఇలా అడిగింది.

"అయ్యోరూ, పెట్టెలో పుస్తకాలకు తావు చాలదు. ఊరగాయ పెట్టుకోవాల, పిల్లోళ్ల ఫోటోలు పెట్టుకోవాల. సుందరకాండ ఫోన్లో ఏమన్నా దొరుకుతాదా? పని అయినాక రాత్రిపూట రెండు పేజీలు సదువుకుంటా."

"దొరుకుతుందమ్మా. కొన్ని ఊరకే ఇస్తారు, కొన్నిటికి డబ్బు కట్టాలి" అన్నాను.

"డబ్బు ఎట్ల కట్టేది? నా జీతం నేరుగా ఇంటికే పంపిచ్చా. కార్డుగీర్డు నాకేడ ఉండాది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. పుస్తకం వెల యాభై రూపాయలే కావచ్చు. ఆమెకు యాభై రూపాయలు పెద్ద భారమూ కాదు. కాని ఆ యాభై రూపాయలను కువైట్‌లోని ఒక వంటగది నుండి ఒక ప్రచురణసంస్థకు చేర్చే దారి ఆమెకు లేదు. వెల ఎంత స్వల్పమైనా, అది ఒక ద్వారం. ఆ ద్వారం దాటడానికి కావలసినవి కార్డు, ఈమెయిలు చిరునామా, రహస్యపదం. భక్తి ఉన్నంత మాత్రాన ఇవన్నీ ఉంటాయని చెప్పలేము. మా ఊళ్లో కంటిచూపు తగ్గిన వృద్ధులకు కూడా ఇదే పరిస్థితి. అక్షరాలను పెద్దవి చేసుకొని చదువుకొనే సౌకర్యం వారికి ఫోనులోనే ఉంది. వెల చెల్లించే విధానం మాత్రం మనుమడు ఇంట్లో ఉంటేనే సాగుతుంది.

కనుక చదువరి వైపు నుండి చూస్తే ఉచితంగా ఇవ్వడమే ధర్మం. ఇంతవరకు వాదం సులభం. ఇక రెండవ పక్షం.

కాగితం పుస్తకానికి ప్రతి ప్రతికీ ఖర్చుంది. కాగితం, సిరా, కుట్టు, అట్ట, రవాణా, దుకాణదారుకిచ్చే తగ్గింపు. వెయ్యి ప్రతులకు ఒక ఖర్చయితే రెండువేల ప్రతులకు మరొక ఖర్చు. ఎలక్ట్రానిక్ పుస్తకంలో ఈ ఖర్చులన్నీ దాదాపు మాయమవుతాయి. ఒకరు చదివినా లక్షమంది చదివినా సంస్థకు పెద్ద తేడా లేదు. దీన్ని చూసి చాలామంది "అయితే ఖర్చే లేదు కదా" అంటారు. అక్కడే పొరపడుతున్నారు. మొదటి ప్రతికి అయ్యే ఖర్చు తగ్గనే లేదు. పాఠాన్ని నిర్ణయించాలి. ప్రతిపదార్థం వ్రాయాలి. అక్షరాలు కూర్చాలి. అచ్చుతప్పులు దిద్దాలి. ఒకసారి కాదు, మూడుసార్లు దిద్దాలి.

తెలుగు విషయంలో ఇంకొక చిక్కుంది. మన ముద్రణాలయాలలో చాలాకాలంగా పేజ్‌మేకర్‌లో అను ఖతులతో అక్షరాలు కూర్చుతూ వచ్చారు. అవి యూనికోడ్ కావు. ఆ పుస్తకాన్ని పీడీఎఫ్‌గా మార్చి ఇస్తే చూడటానికి అందంగానే ఉంటుంది. దానిలో ఒక పదాన్ని వెదకబోతే దొరకదు. ఫోనుతెరకు తగినట్లు అక్షరాలు సర్దుకోవు. యూనికోడ్‌లోకి మార్చితే కొన్ని ఒత్తులు జారిపోతాయి, కొన్ని తారుమారవుతాయి. మళ్లీ ఒక మనిషి కూర్చుని మొదటి నుండి చివరి దాకా చదవాలి. పాత పుస్తకాన్ని ఫోటో తీసి, యంత్రంచేత అక్షరాలను గుర్తింపజేస్తే 'ప'కు 'ష' వస్తుంది, 'థ'కు 'ధ' వస్తుంది. 'అర్థం' కాస్తా 'అర్ధం' అవుతుంది. అంటే అర్థంలో సగమే మిగులుతుంది! పద్యంలో అయితే ఒక్క గురువు లఘువైతే చాలు, గణం చెడి నడక కుంటుపడుతుంది. ఛందస్సు తెలిసినవాడు ఎక్కడ తప్పు జరిగిందో పట్టుకోగలడు. తెలియనివాడు ఆ తప్పునే కంఠస్థం చేస్తాడు. ఈ పని చేయగల మనిషికి కూలి ఇవ్వవద్దా?

ఇక్కడ మన శాస్త్రాలను ఉదాహరించే మిత్రులున్నారు. విద్యను అమ్ముకోరాదన్న మాట మనకు కొత్త కాదు. జీతానికి వేదం చెప్పేవానిని మనుస్మృతి శ్రాద్ధభోజనానికి పిలువదగనివారి జాబితాలో చేర్చింది. చదువును కేవలం బ్రతుకుతెరువుగా చేసుకున్నవానిని విద్యావర్తకుడని కాళిదాసు 'మాళవికాగ్నిమిత్రం'లో ఒక పాత్రచేత ఎత్తిపొడిపించాడు. ఈ మాటలు విన్నప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. మూడు దశాబ్దాలకు పైగా నెల మొదటి తేదీన జీతం పుచ్చుకొని గజేంద్రమోక్షం, ప్రహ్లాదచరిత్ర చెప్పినవాణ్ణి నేను. ఇప్పుడు పింఛను తీసుకుంటున్నాను. అయితే నా తరగతిలో కూర్చున్న పిల్లవాడు నాకు రుసుము చెల్లించలేదు. వాడి తండ్రి వేరుసెనగ కాయలమ్మి నాకు దక్షిణ ఇవ్వలేదు. ప్రభుత్వం జీతమిచ్చింది, పిల్లవాడు ఊరకే చదువుకున్నాడు. పనికి ప్రతిఫలం ముట్టింది, విద్యకు వెల కట్టలేదు. ఈ రెండూ ఒకే గదిలో ఇన్నేళ్లు పొసగినప్పుడు పుస్తకంలో మాత్రం ఎందుకు పొసగవు?

పూర్వులను చూసినా ఇదే కనిపిస్తుంది. పోతన తన భాగవతాన్ని ఏ రాజుకూ అంకితమివ్వక శ్రీరామునికి ఇచ్చాడు. ఆయన మా ఒంటిమిట్టవాడా, బమ్మెరవాడా అన్న వివాదం ఇక్కడ అనవసరం. ఆయన పొలం దున్నుకొని బ్రతికాడని లోకం చెప్పుకుంటుంది. ఆ కథను నమ్మితే, భాగవతానికి అయిన ఖర్చు పోతన పొలం భరించిందన్నమాట. ఖర్చు లేకపోలేదు, భరించినవారు వేరు.

తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనల కథ ఇంకా స్పష్టమైనది. ఆ కుటుంబం వేలకొద్దీ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలో ఒక రాతిగదిలో భద్రపరిచింది. అన్ని రేకులకు రాగి, చెక్కేవారికి కూలి, ఎంత ధనమై ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ ధనాన్ని ఏ శ్రోత దగ్గరా వసూలు చేయలేదు. కాని తరువాత ఆ గది మూతపడింది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో రేకులు వెలుగు చూసేదాకా ఆ పాటలలో అధికభాగం ఎవరి నోటా పలకలేదు. వాటికి వెల లేదు. అయినా ఎవరికీ అందలేదు. అందనిది ఉచితమైతే ఏమి లాభం? ఆ రేకులను చదివి, పాఠం సరిచూసి, అచ్చువేయడానికి వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి మహామహులు పూనుకోవలసి వచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం వారు ఆ పనికి ధనం వెచ్చించారు. ఈనాడు గ్రామఫోను కాలం నాటి పాట మొదలు ఫోనులో మ్రోగే పాట దాకా మనం వింటున్న అన్నమయ్య అంతా ఆ వెచ్చింపు ఫలమే.

మా కడపకే వస్తే, 1820లో ఉద్యోగిగా ఇక్కడికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, 1826లో తిరిగి వచ్చి బంగళా కొని, పండితులకు తన జేబులో నుండి జీతాలిచ్చి, వ్రాతప్రతులను తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూపించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. అప్పులపాలయ్యాడు గాని పండితుల కూలి ఎగవేయలేదు. ఆ బంగళా ఉన్న చోటనే నేడు ఆయన పేరిట గ్రంథాలయం, భాషాపరిశోధన కేంద్రం ఉన్నాయి. వేమన పద్యం ఎవరి సొత్తూ కాదు. కాని దానిని తాటాకు నుండి సరియైన పాఠంతో పుస్తకంలోకి తెచ్చిన పని ఎవరో ఒకరి ధనంతో జరిగింది.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. పదవ తరగతి పిల్లల కోసం గజేంద్రమోక్షానికి ప్రతిపదార్థం, వ్యాకరణాంశాలు, ఛందోవివరణ వ్రాసి, ప్రొద్దుటూరులో ఒక ముద్రణాలయంలో ఐదువందల ప్రతులు వేయించాను. వెల ముప్పై రూపాయలు. సగానికి పైగా ఊరకే పంచాను. కొన్నేళ్ల తరువాత ఒక పూర్వవిద్యార్థి తన ఫోనులో ఒక పీడీఎఫ్ చూపించి "సార్, ఇది చూడండి, మీరు చెప్పిన పాఠం మాదిరే ఉంది" అన్నాడు. చూస్తే నా పుస్తకమే. ఎవరో అట్ట తీసివేశారు. నా పేరున్న పుట తీసివేశారు. వారి సంస్థ ముద్ర వేసుకున్నారు. 'ఉచిత జ్ఞానసేవ' అని పైన వ్రాసుకున్నారు. అంతటితో ఆగినా బాగుండేది. మళ్లీ అక్షరాలు కూర్చడంలో నాలుగు పద్యాలలో పాదాలు చెడ్డాయి. ఒక చోట తాత్పర్యం వేరొక పద్యం క్రింద చేరింది.

ముప్పై రూపాయలు పోయాయన్న బాధ నాకు లేదు. పేరు పోయిందన్న బాధ కొంచెం ఉంది, దాచుకోను. ఆ తప్పులతోనే పిల్లలు పద్యాలు నేర్చుకుంటున్నారన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది. ఆ తప్పులు దిద్దమని చెప్పడానికి ఆ ప్రతిలో చిరునామా లేదు, బాధ్యుని పేరు లేదు. వెల పెట్టి అమ్మిన పుస్తకంలో తప్పుంటే దుకాణానికి పోయి నిలదీయవచ్చు. ఊరకే వచ్చినదానిని నిలదీసే హక్కు లేదన్నట్లు అందరూ ప్రవర్తిస్తారు. దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టరాదట! అన్నదానంలో రాళ్లున్న బియ్యం వండితే పుణ్యమా? అక్షరదానానికీ అదే న్యాయం.

ఉచితమన్న పేరుతో మరొక వేషం కూడా ఉంది. కొన్ని యాప్‌లు స్తోత్రాలన్నీ ఊరకే ఇస్తాయి. లలితాసహస్రనామం సగం చదివేసరికి తెరనిండా అప్పులిచ్చే యాప్ ప్రకటన వస్తుంది. దానిని మూయబోతే మరొకటి తెరుచుకుంటుంది. మా ఊరి ముసలమ్మ ఒకామె అది కూడా పూజలో భాగమేమోనని దండం పెట్టింది. నవ్వవలసిన సంగతి కాదు. అక్కడ పుస్తకం అమ్మడం లేదు గాని, చదువరి చూపును అమ్ముతున్నారు. అంతకంటే ఇరవై రూపాయలు వెల పెట్టడమే గౌరవప్రదం.

ఈ సందర్భంలో గోరఖ్‌పూర్ గీతాప్రెస్‌ను తలచుకోకుండా ఉండలేము. 1923లో దానిని స్థాపించిన జయదయాళ్ గోయందకా గారు మొదట కలకత్తాలో ఒక ముద్రణాలయంలో గీతను అచ్చువేయించారట. తప్పులు దిద్దమని పదే పదే అడుగుతుంటే, విసిగిన ముద్రాపకుడు "ఇంత నిర్దుష్టంగా కావాలంటే మీరే ఒక ముద్రణాలయం పెట్టుకోండి" అన్నాడని చెబుతారు. అలా పుట్టిన సంస్థ అది. తెలుగుతో సహా అనేక భాషలలో పుస్తకాలు వేస్తుంది. ప్రకటనలు వేయదు. విరాళాలు అడగదు. ఊరకే పంచదు కూడా. ఖర్చు కంటే తక్కువ వెలకు అమ్ముతుంది. ఆ లోటును వస్త్రవిక్రయం వంటి ఇతర విభాగాల ఆదాయంతో పూడ్చుకుంటుంది. 2021 సంవత్సరానికి గాంధీ శాంతి బహుమతిని 2023లో ప్రకటించినప్పుడు గౌరవాన్ని స్వీకరించి, కోటి రూపాయల నగదును వద్దన్నది. అచ్చు పుస్తకానికి ఇది ఉత్తమమైన మార్గమని నేను నమ్ముతాను. కాగితం మీద కొద్దిపాటి వెల ఉంటే, అవసరం లేనివారు ఊరకే పట్టుకుపోరు.

ప్రొద్దుటూరులో పాతకాలపు పుస్తకవ్యాపారి ఒకరు నాకు మిత్రులు. ఆయన వాదం ఇది: "ఊరకే ఇచ్చేదాన్ని ఎవురూ లెక్కపెట్టరు సామీ. పెద్దకర్మ దినం నాడు పంచే గీతలు చూడండి. ఎంతమంది ఇప్పి సూస్తారు?" ఆయన మాటలో నిజముంది. మా వైపు కలిగినవారు పోయినవారి ఫోటోతో భగవద్గీతనో విష్ణుసహస్రనామాన్నో చిన్నపుస్తకంగా వేయించి పెద్దకర్మనాడు పంచుతారు. వాటిలో చాలా భాగం అటకెక్కుతాయి. అయితే ఆ వాదం కాగితానికే వర్తిస్తుంది. అటక మీద పడ్డ కాగితం పుస్తకం వృథా అయినట్లే, దానికి ఖర్చయిన ధనం వృథా అయినట్లే. చదవకుండా వదిలేసిన ఎలక్ట్రానిక్ ప్రతి వల్ల ఎవరికీ నష్టం లేదు. వందమంది దించుకొని పదిమంది చదివినా, తొంభైమంది వల్ల ఒక్క కాగితమూ చెడలేదు. ఆ పదిమందే లాభం.

ఆయనకు ఇంకొక భయం కూడా ఉంది. ఎలక్ట్రానిక్ ప్రతి ఊరకే దొరికితే అచ్చు పుస్తకం ఎవరు కొంటారని. నేను చూసినంతలో ఫోనులో చదివి రుచి మరిగినవారే పారాయణకు అచ్చు ప్రతి కావాలని అడుగుతున్నారు. పసుపు కుంకుమలు పెట్టి పీట మీద ఉంచడానికి ఫోను పనికిరాదు కదా! వ్రతం నాడు ఫోను మ్రోగితే కథ ఆగుతుంది.

చట్టం సంగతి కూడా కొంత తెలుసుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు అరవై ఏళ్ల వరకు హక్కులు వారసులకుంటాయి. పోతనకు, వేమనకు, అన్నమయ్యకు ఈ ప్రశ్నే లేదు. వేటూరివారు 1950లో పరమపదించారు కనుక ఆయన రచనలు 2011 నుండి అందరివి. 1990లో దివంగతులైన మా ప్రొద్దుటూరు సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులవారి శివతాండవం మాత్రం 2050 చివరి దాకా వారి వారసుల హక్కు. దానిని వారి అనుమతి లేకుండా ఊరకే పంచడం దానం కాదు. పక్కింటి చెట్టు కాయలు కోసి గుడిలో నైవేద్యం పెట్టడం వంటిది.

పన్ను సంగతి చిత్రమైనది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు అచ్చు పుస్తకానికి పన్ను లేదు; ఎలక్ట్రానిక్ పుస్తకానికి 18 శాతం. అచ్చుప్రతి కూడా ఉన్న ఎలక్ట్రానిక్ పుస్తకాలకు 2018 జూలైలో దానిని 5 శాతానికి తగ్గించారు. ఒకే భాగవతం కాగితం మీద ఉంటే ఒక రీతి, తెర మీద ఉంటే మరొక రీతి. ఊరకే ఇస్తే ఈ లెక్కలేవీ లేవు.

ప్రచురణకర్తలందరినీ ఒకే గాట కట్టడం కూడా న్యాయం కాదు. 1854లో చెన్నపట్నంలో మొదలైన వావిళ్లవారు మొదలుకొని రాజమహేంద్రవరం గొల్లపూడివారి వంటివారి దాకా సొంత పెట్టుబడితో మనకు పురాణాలు, స్తోత్రాలు అందించిన కుటుంబాలున్నాయి. వారికది వృత్తి. వారు వెల పెడితే తప్పు పట్టే అధికారం నాకు లేదు. మఠాలు, ఆశ్రమాలు, దేవస్థానాలు, ధర్మసంస్థల సంగతి వేరు. అవి భక్తుల కానుకలతో నడుస్తాయి. అటువంటి అనేక సంస్థలకు విరాళమిచ్చినవారికి ఆదాయపు పన్నులో రాయితీ కూడా ఉంది. అంటే ప్రజలు ఒకసారి హుండీలో వేశారు, మరొకసారి ఖజానా ద్వారా ఇచ్చారు. మూడవసారి కూడా ఆ కువైట్ ఆడపడుచును అడగడం ఏమి సబబు? ఈ విషయంలో తిరుమల తిరుపతి దేవస్థానం మంచి దారి చూపింది. తన ప్రచురణలెన్నిటినో వెబ్‌సైటులో ఉచితంగా చదువుకొనేందుకు ఉంచింది.

దేవస్థానంలోనే మనకు కావలసిన ఉపాయం కూడా ఉంది. 1985లో తిరుమలలో నిత్యాన్నదానం మొదలైంది. దాతలిచ్చిన ధనాన్ని నిధిగా ఉంచి, దానిపై వచ్చే వడ్డీ ఆసరాగా భక్తులకు అన్నం పెడతారు. వంటవానికి జీతముంది. బియ్యానికి ధరుంది. తినేవాని దగ్గర మాత్రం చీటీ అడగరు. లడ్డూ విషయం చూడండి. 2020 జనవరి నుండి దర్శనం చేసుకున్న ప్రతి ఒక్కరికీ ఒక లడ్డూ ఉచితం. అదనంగా కావాలంటే యాభై రూపాయలు. అందరికీ అవసరమైనది ఊరకే, ఆపైన కోరుకున్నదానికి వెల. పుస్తకాలలో దీనికి సమానమైనది ఏమిటని ఆలోచించాను. మూలపాఠమూ, సరళమైన తాత్పర్యమూ తెర మీద అందరికీ ఊరకే. చక్కని కాగితం, గట్టి అట్ట, బొమ్మలు కావాలంటే వెల.

మా గుళ్లలో ఉభయదారులన్న మాట ఉంది. బ్రహ్మోత్సవాలలో ఒక్కొక్క దినం ఒక్కొక్క కుటుంబం ఉభయం చేస్తుంది. ఆ రోజు పూలు, నూనె, ప్రసాదం, మేళం ఖర్చు వారిది, ఉత్సవం ఊరందరిది. ఊరేగింపు చూడటానికి వచ్చినవారిని ఎవరూ రుసుమడగరు. పుస్తకానికి కూడా ఉభయదారులుండాలని నా మనవి. పెద్దకర్మనాడు వెయ్యి గీతలు అచ్చువేయించే కుటుంబం, ఆ ధనంతోనే ఒక శతకానికి యూనికోడ్ ప్రతి సిద్ధం చేయించవచ్చు. 'కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థం' అని మొదటి పుటలో వేయవచ్చు. అటకెక్కే వెయ్యి ప్రతులకు బదులు ఎప్పటికీ చెదలు పట్టని ఒక్క ప్రతి. ఆ ధనంలో మొదటి భాగం పాఠం సరిచూసిన పండితునికి, అక్షరాలు కూర్చినవారికి, తప్పులు దిద్దినవారికి ముందుగానే చెల్లించాలి. వారి పేర్లు వేయాలి. ఏ ప్రతిని అనుసరించారో చెప్పాలి. తప్పులు తెలిపేందుకు చిరునామా ఇవ్వాలి. దిద్దిన ప్రతి మీద తేదీ వేయాలి. పేరు, ఫోను నంబరు అడగకుండా, ప్రకటనలు చూపకుండా ఎవరికైనా ఇవ్వాలి.

జీవించి ఉన్న వ్యాఖ్యాత క్రొత్తగా వ్రాసిన గ్రంథమైతే, ఉభయదారు దొరికేదాకా దానికి వెల పెట్టవచ్చు. ఖర్చు తిరిగి వచ్చిన దినాన ద్వారం తెరవాలి. ఎంత ఖర్చయింది, ఎంత వచ్చింది అన్న లెక్క పుస్తకం చివర వేస్తే ఇంకా మంచిది. గుడి లెక్కలు గోడ మీద వ్రాసే ఆచారం మనకుంది కదా.

పూర్వం తాటాకు గ్రంథం ముగించిన వ్రాయసకాడు చివర రెండు విషయాలు వేడుకొనేవాడు. తప్పులుంటే పెద్దలు దిద్దుకొమ్మని, నీటి నుండి, నూనె నుండి, వదులుకట్టు నుండి ఈ పుస్తకాన్ని కాపాడుమని. వెల గురించి ఒక్క మాట వ్రాసేవాడు కాదు. అతని కూలి వ్రాయించుకున్నవాడు ఇచ్చేవాడు. ఎలక్ట్రానిక్ పుస్తకానికి నీటి భయం లేదు, నూనె భయం లేదు. తప్పుల భయం మాత్రం అప్పటికంటే ఎక్కువైంది. ఒక్క తాటాకు ప్రతిలోని తప్పు ఒక్క ఊరిలో ఆగేది. ఇప్పటి తప్పు ఒక్క రాత్రిలో అమెరికా దాకా పోతుంది.

నా గజేంద్రమోక్షాన్ని ఇప్పుడు యూనికోడ్‌లో మొదటి నుండి కూర్చుతున్నాను. నా పింఛనులో నుండి కొంత తీసి, మా పాఠశాల పూర్వవిద్యార్థిని ఒకామెకు అక్షరాలు కూర్చినందుకు కూలి ఇస్తున్నాను. ఆమె "వద్దు సార్" అన్నది. నేను "తీసుకోవాల్సిందేనమ్మా, ఇది నా ఉభయం" అన్నాను. నలభై పద్యాలు పూర్తయ్యాయి. మూడవసారి దిద్దడం కాగానే, వెల లేకుండా, నా పేరుతోనూ ఆమె పేరుతోనూ, తప్పులు తెలిపే చిరునామాతోనూ అందరికీ ఉంచుతాను. మొదటి ప్రతి కువైట్‌కు పోతుంది.

స్వస్తి.